ఫిడేలు పట్టుకున్న పిల్ల: తొలినాటి బాలమేధావి ఫొటోను చదవడం, గుర్తించడం, కాపాడుకోవడం ఎలా

బోస్టన్‌కి గంట దూరంలో ఒక ఊళ్లో ఆదివారం పూట పాత సామాన్ల సంత జరుగుతుంది. నాలుగేళ్ల కిందట అక్కడ ఒక బల్ల మీద అరచేతిలో పట్టేంత తోలు పెట్టె కనిపించింది. తెరిస్తే ఒకవైపు రంగు వెలిసిన ఎర్ర ముఖమల్ గుడ్డ, రెండోవైపు ఇత్తడి చట్రం, దాని వెనక అద్దం. ముందు అందులో నా ముఖమే కనిపించింది. పెట్టెను కాస్త వంచేసరికి నా ముఖం పోయి, పదేళ్ల పిల్ల ఒకతి ఫిడేలు పట్టుకుని నా వైపే చూస్తోంది. ఫిడేలు కుడి భుజం మీద, కమాను ఎడమ చేతిలో ఉన్నాయి. "ఎడమచేతివాటం పిల్ల కాబోలు" అనుకున్నాను. పెట్టెలో అమ్మినాయన పెట్టిన చీటీ ఉంది: "కమిల్లా ఉర్సో, 1852".

పిల్లది ఎడమచేతివాటం కాదు. చీటీ మీద ఉన్నది ఆ కాలంలో పేరున్న ఒక బాల ఫిడేలు విద్వాంసురాలి పేరు, దానికి ఆధారమూ లేదు. ఈ రెండూ తేల్చుకోవడానికి నాకు చాలా నెలలు పట్టింది. చిన్నప్పుడు పదేళ్లపాటు ఫిడేలు నేర్చుకున్నదాన్ని కాబట్టి కొన్ని సంగతులు చూడగానే పట్టుబడ్డాయి. ఫొటో సంగతులు మాత్రం మొదటి నుంచీ నేర్చుకోవాల్సి వచ్చింది. అలాంటి ఫొటో మీ చేతికి వస్తే ఏ వరసలో చూడాలో ఇక్కడ రాస్తున్నాను. వరస ముఖ్యం. అందరూ పేరుతో మొదలుపెడతారు. పేరు చివరికి రావాలి, ముందు చేతులు చూడాలి.

ముందుగా ఆ కాలం గురించి కాస్త

పారిస్‌లో 1839 ఆగస్టు 19న డాగెర్ తన ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే యూరప్ కచేరీ హాళ్లు పిల్లల ఫిడేలుతో మారుమోగుతున్నాయి. యోజెఫ్ యోహాకిమ్ 1831లో పుట్టాడు. 1844 మే 27న లండన్‌లో, మెండెల్సొన్ వాద్యబృందాన్ని నడిపిస్తుండగా, బేతోవెన్ ఫిడేలు కాన్సెర్టో (వాద్యబృందం తోడుగా ఒకరే ప్రధానంగా వాయించే కృతి) వాయించాడు. అప్పటికి అతనికి ఇంకా పదమూడు నిండలేదు. చిన్నపిల్లల్ని వేదిక ఎక్కించకూడదన్న నియమాన్ని అక్కడి ఫిల్హార్మోనిక్ సొసైటీ ఆ కుర్రాడి కోసం పక్కన పెట్టింది. పోలండ్‌లోని లుబ్లిన్‌లో పుట్టిన హెన్రిక్ వియెన్యాఫ్‌స్కీ ఎనిమిదేళ్లకే పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత విద్యాలయంలో చేరి, 1846లో పదకొండేళ్లకు మొదటి బహుమతి కొట్టాడు. అదే ఏడాది బ్రనో పట్టణపు పిల్ల విల్మా నెరుదా వియన్నాలో తొలి కచేరీ చేసింది. ఫ్రాన్స్‌లోని నాంత్‌లో పుట్టిన కమిల్లా ఉర్సో, ఆడపిల్లకి ఫిడేలు తగదనే రోజుల్లో పారిస్ కన్సర్వేటరీలో చేరి, వియెన్యాఫ్‌స్కీ గురువైన మస్సార్ దగ్గరే నేర్చుకుని, 1852లో అమెరికా వచ్చింది.

పేరున్న పిల్లలు వీళ్లు. పేరు లేకుండా ఊరూరా తిరిగి వాయించిన పిల్లలు ఇంకెందరో. మీ చేతిలోని ఫొటో వీళ్లలో ఎవరిదైనా కావచ్చు, అసలు ఫిడేలే రాని పిల్లదైనా కావచ్చు.

మొదటి మెట్టు: ఇది ఏ రకం ఫొటో?

పెట్టెను విప్పొద్దు, అద్దం తీయొద్దు, గుడ్డతో తుడవొద్దు. కిటికీ దగ్గర కూర్చుని పెట్టెను నెమ్మదిగా అటూ ఇటూ వంచండి.

ఒక కోణంలో బొమ్మ మామూలుగా, ఇంకో కోణంలో తెల్లది నల్లగా, నల్లది తెల్లగా కనిపిస్తూ, మధ్యలో మీ ముఖం అద్దంలోలా తేలితే అది డాగెరోటైప్. రాగి రేకు మీద వెండి పూత పూసి, అద్దంలా మెరుగు పెట్టి, అయోడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో పెట్టి ఫొటో తీశాక పాదరసం ఆవిరితో బొమ్మ తేల్చేవారు. ఈ బొమ్మకు నెగెటివ్ ఉండదు. లోకంలో ఇదొక్కటే ప్రతి.

అద్దంలా మెరవకుండా, గాజు వెనక నల్ల గుడ్డో నల్ల రంగో ఉన్నట్టుంటే అది ఆంబ్రోటైప్, 1850ల నడిమి నుంచి దొరుకుతుంది. అయస్కాంతం అంటుకుంటే టిన్‌టైప్. అది ఇనుప రేకు, 1856 తర్వాతది. అయస్కాంతాన్ని పెట్టె వెనక నుంచి మాత్రమే తాకించి చూడండి. పెట్టె లేకుండా అట్టకి అతికించిన కాగితపు ఫొటో అయితే, సుమారు 6.3 × 10 సెంటీమీటర్లుంటే కార్ట్ ద విజిట్, సుమారు 10.8 × 16.5 ఉంటే క్యాబినెట్ కార్డ్. మొదటి దానికి దిస్దేరి పారిస్‌లో 1854లో పేటెంట్ తీసుకున్నారు. రెండోది 1866 నుంచి వాడుకలోకి వచ్చింది.

ఈ ఒక్క మెట్టుతోనే చాలా అబద్ధాలు రాలిపోతాయి. ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు పగనీని డాగెరోటైప్ అని ఒక ఫొటో ఎన్నో చోట్ల అచ్చయింది. పగనీని 1840 మే 27న చనిపోయారు. డాగెరోటైప్ వెల్లడైన తర్వాత ఆయన బతికింది తొమ్మిది నెలలే, అదీ తీవ్రమైన జబ్బుతో. ఆ ఫొటోని 1900 ప్రాంతంలో జుసెప్పె ఫియొరీని అనే ఫిడేళ్లు చేసే ఆయన తయారుచేశాడు. ఫొటో పద్ధతి ఎప్పుడొచ్చింది, మనిషి ఎప్పుడు పోయాడు అని రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తేనే అనుమానం రావాల్సిన ఫొటో అది.

రెండో మెట్టు: కుడి ఎడమలు సరిచూసుకోవడం

డాగెరోటైప్‌లో బొమ్మ అద్దంలో చూసుకున్నట్టు తిరగబడి ఉంటుంది. టిన్‌టైప్ కూడా అంతే. అందుకే నా పిల్ల ఎడమచేతివాటంలా కనిపించింది. కొందరు ఫొటోగ్రాఫర్లు కెమెరా ముందు అద్దం గానీ పట్టకం గానీ బిగించి సరిచేసేవారు. ఒక డాగెరోటైప్‌ని మళ్లీ డాగెరోటైప్‌గా నకలు తీసినా బొమ్మ సరిగ్గా వచ్చేస్తుంది. కాబట్టి డాగెరోటైప్‌లో ఫిడేలు ఎడమ భుజం మీదే కనిపిస్తే సంతోషించే ముందు ఇది నకలేమో అని అడగాలి. నకలైతే వివరాలు కాస్త మెత్తబడతాయి, అంచుల్లో అసలు రేకు చట్రం నీడ కనిపించే అవకాశం ఉంటుంది.

తిరగబడిందా లేదా అని ఫిడేలే చెబుతుంది. భూతద్దం తీసుకుని తీగలు చూడండి. ఆ రోజుల్లో నాలుగు తీగల్లో మూడు వట్టి పేగు తీగలు, అన్నింటికన్నా మందమైన జి తీగకి మాత్రం సన్నటి లోహపు తీగ చుట్టి ఉండేది. ఫిడేలు తలను పైకి పెట్టి ఎదురుగా చూస్తే ఆ తీగ మన ఎడమ చివర ఉండాలి. నా ఫొటోలో ఒక తీగ మాత్రం మిగతా వాటికన్నా మెరుస్తూ కుడి చివర ఉంది. తీగల్ని ఎత్తి పట్టే చిన్న చెక్క, అంటే బ్రిడ్జి కూడా జి తీగ వైపు కొంచెం ఎత్తుగా ఉంటుంది. చొక్కా గుండీలూ సాయం చేస్తాయి. మగపిల్లల కోటుకి ఎడమ అంచు పైన ఉంటుంది కాబట్టి, తిరగబడితే కుడి అంచు పైకి వస్తుంది. స్టాండు మీద స్వరాల కాగితం ఉండి అక్షరాలు ఉల్టా ఉంటే ఇక అనుమానమే లేదు.

ఆంబ్రోటైప్ దగ్గర జాగ్రత్త. అది గాజు కాబట్టి ఎటు తిప్పి పెట్టెలో బిగించినా బొమ్మ కనిపిస్తుంది. అక్కడ తీగలు, గుండీలే దిక్కు.

మూడో మెట్టు: చేతులు

నాకు అన్నింటికన్నా ఇష్టమైన మెట్టు ఇదే. పిల్ల నిజంగా ఫిడేలు వాయించేదా, లేక స్టూడియోలో ఉన్న ఫిడేలుని చేతికిచ్చి నిలబెట్టారా అన్నది చేతుల్లోనే ఉంటుంది. ముఖం ఎంత గంభీరంగా ఉన్నా దాన్నిబట్టి ఏమీ తేలదు. అప్పట్లో కెమెరా ముందు కదలకుండా ఉండాలి కాబట్టి అందరి ముఖాలూ గంభీరంగానే ఉండేవి.

ముందుగా కమాను పట్టు. నేర్చుకున్న పిల్ల బొటనవేలు కాస్త వంచి, కమాను మొదట్లో ఉండే నల్ల దిమ్మ దగ్గర ఆనిస్తుంది. చిటికెన వేలు కర్ర మీద గుండ్రంగా నిలబడుతుంది. నేర్చుకోని పిల్ల కర్రను గుప్పిట్లో పట్టుకుంటుంది, చపాతీ కర్రను పట్టుకున్నట్టు. తేడా ఫొటో ఎంత చిన్నదైనా తెలిసిపోతుంది.

తర్వాత తీగల మీది చెయ్యి. వాయించే పిల్ల వేళ్లు గూడు కట్టినట్టు వంగి, వేలి కొసలే తీగని తాకుతాయి. అరచెయ్యి ఫిడేలు మెడకి అతుక్కోదు, మధ్యలో చిన్న సందు కనిపిస్తుంది. గోళ్లు బాగా కత్తిరించి ఉంటాయి. మా మాస్టారు పాఠం మొదలుపెట్టే ముందు నా ఎడమచేతి గోళ్లు చూసేవారు, ఒక్క పిసరు పెరిగినా ఇంటికి పంపేసేవారు. ఆ అలవాటు వల్ల నా కళ్లు ముందు అక్కడికే పోయాయి. సంతలో కొన్న ఫొటోలో పిల్ల చూపుడు వేలి గోరు వేలి కొస లోపలికే ఉంది.

మూడోది ఫిడేలు పరిస్థితి. బ్రిడ్జి నిటారుగా ఉందా, దాని కాళ్లు ఎఫ్ ఆకారపు రంధ్రాల లోపలి గాట్ల వరసలో ఉన్నాయా చూడండి. ఎవరూ వాయించని ఫిడేలుకి బ్రిడ్జి వాలిపోయి ఉంటుంది, లేదా ఎక్కడో జరిగి ఉంటుంది. ఒక తీగ లేకపోవచ్చు, కమాను వెంట్రుకలు వదులుగా వేలాడవచ్చు.

నా ఫొటోలో నన్ను కట్టిపడేసింది వేరే సంగతి. బ్రిడ్జికీ, వేళ్లు పెట్టే నల్ల పలకకీ మధ్య, తీగల కింద, ఒక లేత బూడిద మచ్చ ఉంది. మొదట రేకు మీద మరక అనుకున్నాను. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం పెట్టి చూస్తే అది తీగలకి సరిగ్గా అడ్డంగా, కమాను తిరిగే చోటే ఉంది. రాజనం పొడి. కమానుకి రాసుకునే రాజనం వాయిస్తుంటే తెల్లగా రాలి అక్కడే పేరుకుంటుంది. నా చిన్నప్పటి ఫిడేలు మీద కూడా అచ్చం అక్కడే ఉండేది, తుడవలేదని అమ్మ తిట్టేది. నూట డెబ్బై ఏళ్ల కిందట ఫొటో తీయించుకోవడానికి వచ్చిన ఆ పిల్ల, ఆ రోజో ముందు రోజో ఫిడేలు వాయించింది. ఫిడేలు తుడుచుకోలేదు. అది తెలిశాక ఆ ఫొటోని వదల్లేకపోయాను.

ఆ పొడి అంత స్పష్టంగా కనిపించడానికి కారణం ఉంది. అప్పటి రేకులు నీలం వెలుతురునే బాగా పట్టుకునేవి, ఎరుపుని పట్టేవి కావు. అందుకే ఎర్రటి గోధుమరంగు ఫిడేలు దాదాపు నల్లగా వస్తుంది, దాని మీద తెల్ల పొడి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇదే కారణంగా లేత నీలం గౌను తెల్లగా వస్తుంది, బంగారు రంగు జుట్టు అసలు కన్నా ముదురుగా వస్తుంది, నీలి కళ్లు వెలవెలబోతాయి. "తెల్ల గౌను వేసుకున్న నల్లజుట్టు పిల్ల" అని ఖాయంగా రాసెయ్యకండి. బుగ్గల మీద గులాబీ రంగు కనిపిస్తే అది స్టూడియోలో పొడి రంగుతో అద్దింది.

కదలిక కూడా చూడండి. 1839లో ఒక ఫొటోకి నిమిషాలకొద్దీ పట్టేది. పెట్స్‌వాల్ 1840లో రూపొందించిన లెన్సు, రేకుకి అయోడిన్‌తో పాటు బ్రోమిన్ వాడకం వచ్చాక అది నిమిషంలోపుకి, మంచి వెలుతురులో కొన్ని సెకన్లకి దిగింది. కొన్ని సెకన్లయినా కమాను ఎత్తి కదలకుండా పట్టుకోవడం పదేళ్ల చేతికి కష్టం. అందుకే చాలా ఫొటోల్లో ఫిడేలు ఒళ్లోనో, చంకలోనో ఉంటుంది, కమాను కిందికి వాలి ఉంటుంది. వాయిస్తున్నట్టు ఉన్న ఫొటోలో కమాను కొస కాస్త చెదిరి కనిపిస్తే అది లోపం అనుకోవద్దు. తల కదలకుండా వెనక ఇనుప ఊత పెట్టేవారు, నిలబడిన పిల్లల పాదాల వెనక దాని కాలు కనిపిస్తుంటుంది.

నాలుగో మెట్టు: ఫిడేలునే స్కేలుగా వాడి వయసు అంచనా

పిల్ల నిలువెత్తుగా కనిపిస్తూ, ఫిడేలు ముందు భాగం కెమెరాకి ఎదురుగా ఉంటే ఒక లెక్క వేయొచ్చు. పెద్దవాళ్ల ఫిడేలు డొల్ల (మెడ, తల వదిలేస్తే మిగిలే పెట్టె భాగం) పొడవు సుమారు 35.6 సెంటీమీటర్లు. ముప్పావు సైజుది 33.5 దగ్గర, అర సైజుది 31 దగ్గర ఉంటుంది.

నా దగ్గరున్న ఒక కార్ట్ ద విజిట్‌లో కుర్రాడి ఎత్తు 70 మిల్లీమీటర్లు, చేతిలోని ఫిడేలు డొల్ల 21 మిల్లీమీటర్లు. డెబ్బైని ఇరవై ఒకటితో భాగిస్తే 3.33. అది పెద్ద ఫిడేలైతే కుర్రాడు 119 సెంటీమీటర్లు, ముప్పావుదైతే 112, అరదైతే 103. ఇప్పటి పిల్లల లెక్కలో ఇవి వరసగా సుమారు ఏడేళ్లు, ఐదారేళ్లు, నాలుగేళ్లు. మరి ఏ సైజు? ఫిడేలు టీచర్లు పిల్లల చెయ్యి చాపించి, ఫిడేలు తల అరచేతి నడుమకో మణికట్టుకో వస్తుందా అని చూస్తారు. ఫొటోలో ఫిడేలు పక్కన వేలాడుతున్న చేతితో ఇదే పోల్చి చూడండి. నా కుర్రాడికి ఫిడేలు చేతికన్నా పొడుగు. అంటే ఎవరో పెద్దవాళ్ల ఫిడేలే ఇచ్చి నిలబెట్టారు. ఏడేళ్ల దగ్గర అని పెన్సిల్‌తో రాసుకున్నాను.

ఫిడేలు ఏ కాస్త పక్కకి తిరిగి ఉన్నా పొడవు తగ్గి కనిపిస్తుంది, అప్పుడు పిల్లాడు ఉన్నదానికన్నా పొడుగ్గా తేలతాడు. లెక్క వచ్చిన దానికన్నా ఒకటి రెండేళ్లు అటూ ఇటూ వదిలిపెట్టండి.

పుస్తకాల్లోని వయసుల్ని కూడా కళ్లు మూసుకుని నమ్మలేం. కమిల్లా ఉర్సో పుట్టింది కొన్నిచోట్ల 1840 అని, కొన్నిచోట్ల 1842 అని ఉంటుంది. విల్మా నెరుదాకి 1838, 1839 రెండూ ఉన్నాయి. బాలమేధావి వయసు ఎంత తక్కువైతే టికెట్లు అంత బాగా తెగుతాయి. నిజానికి నాకు ఇక్కడ బాధ కలుగుతుంది. పిల్లల వయసుని కూడా సరుకు లెక్కన చూశారు.

ఐదో మెట్టు: తేదీ

డాగెరోటైప్ అయితే రేకు సైజు రాసుకోండి. ఎక్కువగా దొరికేది ఆరో వంతు రేకు, సుమారు 7 × 8.3 సెంటీమీటర్లు. పావు రేకు 8.3 × 10.8, నిండు రేకు 16.5 × 21.6. పెద్ద రేకు ఖరీదైనది. నిండు రేకు మీద పిల్ల బొమ్మ ఉంటే ఎవరో డబ్బు బాగా పెట్టారన్నమాట.

అమెరికాలో తీసినవాటికి ఇంకో గుర్తు ఉంది. ఇత్తడి చట్రాన్ని, అద్దాన్ని, రేకుని కలిపి అంచుల చుట్టూ పల్చటి ఇత్తడి పట్టీ మడిచి బిగించడం సుమారు 1847 నుంచి మొదలైంది. ఆ మడత లేకపోతే అంతకు ముందుది కావచ్చు. సాదా చట్రం పాతది, లతలు పువ్వులు చెక్కిన చట్రం 1850లది. కానీ పెట్టెలు మారుతుంటాయి. పగిలిన పెట్టె తీసేసి వేరే పెట్టెలో పెట్టడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పెట్టె చెప్పే తేదీని సాక్ష్యంగా తీసుకోండి, తీర్పుగా కాదు.

కాగితపు ఫొటో అయితే అట్ట మూలలు చూడండి. తొలి కార్ట్ ద విజిట్‌లకి మూలలు చదరంగా, అట్ట పల్చగా ఉంటాయి. గుండ్రటి మూలలు, మందపాటి అట్ట తర్వాతి కాలానివి. అమెరికా ఫొటో వెనక పన్ను స్టాంపు ఉంటే అది 1864 సెప్టెంబరుకీ 1866 ఆగస్టుకీ మధ్య అమ్మింది.

ఫిడేలు కూడా తేదీ చెబుతుంది. గడ్డం ఆనించే చిన్ రెస్ట్ ష్పోర్ 1820 ప్రాంతంలో కనిపెట్టారు గానీ, అందరూ వెంటనే వాడలేదు. అన్నింటికన్నా సన్నటి ఇ తీగ దగ్గర, శ్రుతి సరిచేసే చిన్న మరలాంటి ట్యూనర్ కనిపిస్తే ఆ ఫొటో ఇరవయ్యో శతాబ్దానిది, ఎందుకంటే అది స్టీలు తీగతో పాటు వచ్చింది. ఫిడేలు కింద భుజానికి ఆనించే షోల్డర్ రెస్ట్ ఉన్నా అంతే. 1850 నాటిదని అమ్ముతున్న ఫొటోలో అలాంటి ట్యూనర్ కనిపిస్తే పర్సు లోపల పెట్టేసుకోండి.

ఆరో మెట్టు: ఇప్పుడు పేరు

ఇక్కడిదాకా వచ్చాక నా దగ్గర ఉన్నది ఇదీ: ఆరో వంతు డాగెరోటైప్, అంచు చుట్టూ ఇత్తడి పట్టీ ఉంది, చట్రం మీద లతలున్నాయి, పిల్లకి పది పన్నెండేళ్లు, నిజంగా వాయించే పిల్ల. కమిల్లా ఉర్సో 1852లో అమెరికా వచ్చింది, బోస్టన్‌లోనూ వాయించింది. అన్నీ కుదురుతున్నాయి. టెన్షన్ మొదలైంది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు.

కుదరడం వేరు, రుజువు కావడం వేరు. ఆ రోజుల్లో ఫిడేలు వాయించే ఆడపిల్లలు తక్కువ. పేరు తెలిసినవాళ్లు ఇంకా తక్కువ. అందుకని ఫిడేలుతో ఏ ఆడపిల్ల కనిపించినా అమ్మేవాళ్లు ఆమె పేరే పెడుతుంటారు. నేను ఇలాంటివి ఇంకో రెండు చూశాను, రెండింట్లోనూ వేరే వేరే ముఖాలు.

పేరు నిలబడాలంటే మూడు దారులున్నాయి. ఒకటి, ఫొటో చేతులు మారిన వరస: ఎవరింట్లోంచి వచ్చింది, వాళ్లకి ముందు ఎవరిది. రెండు, రాత: పెట్టె లోపల, రేకు వెనక పాత సిరాతో ఉన్న రాత. అమ్మేవాళ్లు బాల్‌పెన్‌తో రాసిన చీటీ లెక్కలోకి రాదు. రేకు వెనక ఏముందో చూడటానికి పెట్టె విప్పాల్సి వస్తే అది కన్సర్వేటర్ (పాత వస్తువుల్ని కాపాడే నిపుణులు) పని, మన పని కాదు. మూడు, పోలిక: పేరు రూఢిగా తెలిసిన ఫొటోల పక్కన పెట్టి చూడటం. అప్పుడు పెద్దయ్యాక మారే బుగ్గలూ ముక్కూ కన్నా చెవి మడతలు, చెవి తమ్మె అతుక్కుని ఉందా వేలాడుతోందా అన్నది చూడండి. ఒక బొమ్మ తిరగబడి రెండోది సరిగ్గా ఉంటే, ఎడమ చెవిని కుడి చెవితో పోల్చే ప్రమాదం ఉంది. పోల్చే ముందు రెంటినీ ఒకే దిక్కుకి తెచ్చుకోవాలి.

పోలుస్తున్నది అసలు ఫొటోయేనా అన్నదీ చూడాలి. ప్రసిద్ధుల కార్ట్ ద విజిట్‌లలో చాలావరకు చిత్రపటాన్నో, రాతిముద్రణ బొమ్మనో ఫొటో తీసి అమ్మినవే. భూతద్దంలో ముఖం మీద సుద్దగీతల్లాంటి గరుకు, చుక్కలు కనిపిస్తే అది ఎవరో గీసిన బొమ్మకి ఫొటో. గీసినవాళ్లు చెవులు ఎలాగైనా గీస్తారు.

నా పిల్ల విషయంలో మొదటి రెండు దారులూ మూసుకుపోయాయి. మూడోదాంట్లో చెవి తమ్మె కలవలేదు.

మన ఇళ్లలోని ఫొటోలకి ఈ వరస పనికొస్తుందా?

పనికొస్తుంది, కొంచెం మార్చుకుంటే. మన దగ్గర పాత పెట్టెల్లో దొరికేవి ఎక్కువగా అట్టకి అతికించిన కాగితపు ఫొటోలు. రాజా దీన్‌దయాళ్ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫరుగా సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన కాలం, ఆ తర్వాతి కాలం నాటివి. ఇవి నెగెటివ్ నుంచి అచ్చు వేసినవి కాబట్టి మామూలుగా తిరగబడవు. కానీ గాజు నెగెటివ్‌ని ఉల్టా పెట్టి అచ్చు వేసినా, పత్రికవాళ్లు తిప్పి వేసినా బొమ్మ మారిపోతుంది.

మన పద్ధతిలో కింద కూర్చుని, ఫిడేలు తలను కుడికాలి మడమ దగ్గర ఆనించి వాయిస్తాం. ఫొటోలో అది ఎడమకాలి మీద ఉంటే బొమ్మ తిరగబడింది. కుర్రాడి జంధ్యం ఎడమ భుజం మీద ఉండాలి, పెద్దవాళ్ల పైట చెంగు కూడా మామూలుగా ఎడమ భుజం మీదే. ఈ మూడింట్లో రెండు కలిస్తే చాలు. ఫిడేలు నాయుడుగారు అని మనం పిలుచుకునే ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1893లో పుట్టి 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యులయ్యారు. ఆ కళాశాల చుట్టుపక్కల ఊళ్లలో ఫిడేలు పట్టుకున్న పిల్లల పాత ఫొటోలు ఇంకా ఎన్ని అటకల మీద ఉన్నాయో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మీ ఇంట్లో ఉంటే, పెద్దవాళ్లు ఉండగానే పేరు అడిగి రాసుకోండి. చెవితమ్మెలు పోల్చే బాధ మీ మనవలకి ఉండదు.

ఏడో మెట్టు: నకలు తీసుకోవడం

డాగెరోటైప్ అద్దంలాంటిది కాబట్టి ఎదురుగా ఫోన్ పెడితే ఫోనే పడుతుంది. ఒక పెద్ద నల్ల అట్టకి నడుమ లెన్సు పట్టేంత రంధ్రం చేసి, దాని వెనక నుంచి తీయండి. రేకులో ఆ నల్ల అట్ట ప్రతిబింబమే పడాలి. వెలుతురు ఒక పక్క నుంచి, ఏటవాలుగా రావాలి. ఫ్లాష్ వద్దు, ఎండ వద్దు. పది పదిహేను సార్లు వెలుతురు కోణం మారుస్తూ తీయండి. నా పిల్ల రాజనం పొడి మూడో కోణంలో గానీ కనిపించలేదు.

కాగితపు ఫొటోల్ని స్కానర్ మీద పెట్టొచ్చు, కానీ అట్ట వంగి ఉంటే మూతతో నొక్కకండి, మధ్యకి విరిగిపోతుంది. 600 డీపీఐకి తగ్గకుండా, టిఫ్ ఫైలుగా, వెనక వైపు కూడా స్కాన్ చేయండి. స్టూడియో పేరు, రాతలు అక్కడే ఉంటాయి. తిరగబడిన బొమ్మను కంప్యూటర్లో సరిచేస్తే ఆ ఫైలుకి వేరే పేరు పెట్టండి. అసలు ఫైలుని తిప్పొద్దు, లేకపోతే ఏడాది తర్వాత ఏది ఏదో మీకే తెలియదు.

ఎనిమిదో మెట్టు: దాచడం

డాగెరోటైప్ మీది బొమ్మ ఎంత పల్చనంటే, మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే ముఖం చెరిగిపోతుంది, మళ్లీ రాదు. అంచుల్లో నీలం, గోధుమ రంగు కమ్ముకుంటుంటే గాలి లోపలికి పోతోందని అర్థం. అద్దం లోపలి వైపు చెమట పట్టినట్టు చుక్కలు కనిపిస్తే పాత గాజు పాడవుతోంది. రెండూ నిపుణులు చూడాల్సిన రోగాలు. వెండి సామాను మెరుగు పెట్టే ద్రవాలు దగ్గరికి కూడా రానివ్వకండి.

చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే చోటు కావాలి. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది కష్టం, కాబట్టి గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, అవి తడి పీల్చుకోగానే మారుస్తుండాలి. ఆమ్లం లేని కాగితంలో చుట్టండి. కలరా ఉండలు వద్దు. గోడకి తగిలించొద్దు. దేవుడి గది పక్కన అసలే వద్దు, ధూపం పొగ కాగితపు ఫొటోల్ని పసుపు పచ్చగా మార్చేస్తుంది. గోడ మీదికి నకలు అచ్చు వేయించుకోండి.

చివరగా చీటీ

అమ్మినాయన చీటీని పారేయలేదు, అదీ ఆ ఫొటో కథలో భాగమే. వెనక్కి మడిచి వేరే కవర్లో పెట్టాను. డబ్బా మీద ఆమ్లం లేని కాగితం అంటించి, పెన్సిల్‌తో ఇలా రాశాను:

"ఫిడేలు పట్టుకున్న పిల్ల. డాగెరోటైప్, ఆరో వంతు రేకు, అమెరికా, 1847 తర్వాత. బొమ్మ తిరగబడి ఉంది. వయసు పది పన్నెండు. నిజంగా వాయించే పిల్ల: ఎడమచేతి గోళ్లు, రాజనం పొడి చూడండి. పేరు తెలియదు."